మా కారు ఊపిరి

ఈ సంవత్సరపు సంచికకు మమ్మును గూడ నొక వ్యాసము వ్రాయుమని సంపాదకవర్గమువారు కోరిరి. మేము భౌతికశాస్త్రము బోధించువారము గావున ఏ విద్యుచ్ఛక్తిని గూర్చియో, ఏ నక్షత్రములను గూర్చియో వ్రాయుదుమని వారు తలచియుందురు. కాని యితరులకు బోధించుటకు సర్వదా సిద్ధముగా నుండు ఉపాధ్యాయుడు తాను నేర్చుకొన్న పాఠమును జెప్పుట యరుదు. అట్టి పాఠ మొకటి గత సంవత్సరము మాకు లభించినది. దానికి మేము చెల్లించిన రుసుము ఆఱువేల యైదువందల రూపాయలు. అది కారునకు గాలి పీల్చు గొట్టమును, ఫిల్టరును ఎన్నుకొనుటను గూర్చిన పాఠము. విషయము చిన్నదే యైనను మా విద్యార్థులకు ఉపయోగపడునని తలచి ఉన్నది యున్నట్లు వ్రాయుచున్నాము.

మేము ఒంగోలులో నివసించుచున్నాము. మా అమ్మగారు చీమకుర్తి దాపున మా స్వగ్రామముననే యుందురు. ఆమెకు చూపు తగ్గినది. ప్రతి శనివారము ఆమెను జూచి వచ్చుట మాకు నియమము. ఆ కర్నూలు రోడ్డు మీద గ్రానైటు రాళ్ళను మోయు లారీలు ఎడతెగక తిరుగుచుండును. వాని వెనుక రాతిపొడి మేఘమువలె లేచును. ఈ ప్రయాణముల కొఱకే 2014 నాటి స్విఫ్టు పెట్రోలు కారును సెకండుహ్యాండులో కొంటిమి. దాని యింజను నాలుగు సిలిండర్లది. 1197 ఘన సెంటీమీటర్లది. మా యక్కరకు అది చాలును. మేమును చాలుననియే యుంటిమి.

ఇట్లుండగా గుంటూరులో నొక వివాహమునకు పోయితిమి. పెండ్లికుమారుని స్నేహితు డొకడు అచ్చముగా మా కారువంటి కారునే తెచ్చియుండెను. అతడు బయలుదేరుచు యాక్సిలరేటరు త్రొక్కగా ఆ కారు ముందుభాగమునుండి గంభీరమైన హోరు పుట్టినది. అది పొగగొట్టపు మోత గాదు. లోనికి గాలి పీల్చుకొను చప్పుడు. అక్కడ నున్నవారందఱును తలలు త్రిప్పి చూచిరి. మేము విచారింపగా అతడు బానెట్టు ఎత్తి చూపెను. కంపెనీవారమర్చిన నల్లని ప్లాస్టిక్కు పెట్టె లేదు. దాని చోట ఎఱ్ఱని కోను ఫిల్టరు ఒకటి, తళతళలాడు గొట్టమొకటి కలవు. "చప్పుడే కాదండీ, పికప్పు గూడ పెరుగును" అని యతడు చెప్పెను. నలువదియైదేండ్లు పైబడిన మాకు ఆ రాత్రి నిద్రపట్టలేదనిన విద్యార్థులు నవ్వుదురేమో, అయినను నిజము.

మా యూరిచివర పూర్వవిద్యార్థి యొకడు మెకానిక్కు షెడ్డు పెట్టుకొని యున్నాడు. పదవ తరగతిలో సామాన్యశాస్త్రమున తప్పి, మరల వ్రాసి, ఎట్లో గట్టెక్కినవాడు. అతని నోటుపుస్తకముపై "శ్రద్ధ లేదు" అని ఎఱ్ఱసిరాతో పలుమారులు వ్రాసియుంటిమి. మా కోరిక చెప్పగా అతడు చేతులు తుడుచుకొని యిట్లడిగెను.

"మాస్టారూ, మీకు కావలసినది చప్పుడా, పికప్పా?"

"రెండును కావలెను."

"రెండును ఒక దానిలో దొరకవండి. కోను పెట్టినచో చప్పుడు వచ్చును. బలము రాదు. మన యెండలకు ఉన్నదానిలో కొంత పోవును గూడ. పాత పెట్టెయే మేలు. లోపలి కాగితపు ఫిల్టరు నిండిపోయినది, అది మార్చెదను. మూడువందలతో పోవును."

"గాలికి అడ్డము తగ్గిన ఇంజను ఎక్కువ పీల్చును గదా! ఇది ఏడవ తరగతి పిల్లవానికి గూడ తెలియును" అంటిమి.

అతడు చిఱునవ్వు నవ్వి యూరకుండెను. పీడనము యొక్క నిర్వచనమును తప్పులేకుండ అప్పజెప్పలేకపోయిన వీడా మనకు గాలిని గూర్చి చెప్పువాడు, అని మా మనస్సులో ననుకొంటిమి. విజయవాడలోని యొక దుకాణమునుండి కోను ఫిల్టరును గొట్టమును తెప్పించితిమి. బిగించుటకు మాత్రము అతని యొద్దకే పోయితిమి. అతడు మాఱుమాట చెప్పక బిగించెను. కూలి యిచ్చిన తీసికొనలేదు. "పాత పెట్టె నా యొద్ద నుండనీయుడు మాస్టారూ" అని మాత్ర మనెను.

మేమెక్కడ పొరబడితిమో తెలియుటకు ముందు ఇంజను ఊపిరి సంగతి కొంత చెప్పవలెను. మా యింజనులోని ప్రతి సిలిండరును ఇరుసు రెండుమార్లు తిరుగగా ఒకమారు గాలి పీల్చును. అనగా ఇరుసు ఒక చుట్టు తిరిగినప్పుడు నాలుగు సిలిండర్లును కలిసి తమ పరిమాణములో సగము, అనగా సుమారు 600 ఘన సెంటీమీటర్ల గాలిని పీల్చును. నిమిషమునకు 6000 చుట్లు తిరిగినప్పుడు లెక్క ప్రకారము 3600 లీటర్లకు కొంచెము తక్కువ. సిలిండర్లు పూర్తిగా నిండవు గనుక సుమారు 3000 లీటర్లు అనుకొందము. ఒక గ్రాము పెట్రోలు చక్కగా మండుటకు 14.7 గ్రాముల గాలి కావలెను. ఇక్కడ విద్యార్థులు ఒక మాటను గుర్తింపవలెను. లీటర్లు గాదు, గ్రాములు. ఇంజనునకు కావలసినది గాలి యొక్క పరిమాణము గాదు, బరువు. వేడియైన గాలి వ్యాకోచించి పలుచబడును. కాబట్టి లీటర్లు సమానముగా నున్నను వేడిగాలిలో గ్రాములు తక్కువ. ఈ సంగతిని తరగతిలో ఇరువదియేండ్లుగా చెప్పుచున్న మేము, ఎఱ్ఱని కోను చూచినప్పుడు మఱచితిమి.

మొదటి వారము స్వర్గముగా నుండెను. యాక్సిలరేటరు పూర్తిగా త్రొక్కినప్పుడెల్ల ఆ హోరు వినబడుచుండెను. కారు మునుపటికంటె చుఱుకుగా పరుగెత్తుచున్నదని మాకు రూఢిగా తోచెను. మా కుమారుడు ఇంటర్మీడియేటు చదువుచున్నాడు. వాని యానందమునకు మేర లేదు. మా భార్య మాత్రము, "మీ వయస్సువారు మోకాళ్ళకు తైలము కొనుచున్నారు, మీరు కారునకు బూర కొంటిరి" అనెను.

శనివారము మా గ్రామమునకు పోయితిమి. మామూలుగా కారు వీధి మలుపు తిరుగగనే మా అమ్మగారు దాని చప్పుడు గుర్తించి, గోడ పట్టుకొని అరుగుమీదికి వచ్చి నిలుచుండెడివారు. చూపు తగ్గినవారికి చెవియే కన్ను. ఆ దిన మామె రాలేదు. లోనికి పోయి పిలువగా, "నీవా నాయనా? లారీ యేదో సందులోనికి వచ్చినదనుకొని తలుపు వేయించితిని" అనిరి. ఆ మాట మాకు ముల్లువలె నాటినది. మఱుసటివారము ఆమెను వైద్యునికి చూపుటకై ఒంగోలు తీసికొని వచ్చుచుండగా లారీలను దాటబోవునప్పుడెల్ల ఆ మోత కారులో నిండుచుండెను. ఆమె రెండు చెవులును మూసికొని కూర్చుండిరి. అయినను మేము మనస్సు మార్చుకొనలేదు. బలము పెరిగినది గదా, కొంత చప్పుడును సహింపవలెనని మాకు మేమే సమాధానము చెప్పుకొంటిమి.

మా కన్నులు తెరపించినది తొమ్మిదవ తరగతి బాలిక. ధ్వనిని గూర్చిన పాఠము చెప్పుచు మా కారును ఉదాహరణముగా దీసికొని, దాని బలము పెరిగిన వైనమును వర్ణించితిమి. ఆ బాలిక లేచి, "సార్, బలము పెరిగినదని ఎట్లు తెలిసినది? కొలిచినారా?" అని యడిగెను. తరగతి నిశ్శబ్దమైనది. అది మా ప్రశ్నయే. మేము శిక్షణ కళాశాలలో నున్నప్పుడు మా బోధనాపద్ధతుల అధ్యాపకులు ప్రతి పాఠపథకము యొక్క తలభాగమున "ఎట్లు తెలిసినది?" అని వ్రాయించెడివారు. మేము ఉద్యోగమున జేరిన నాటినుండి ఆ ప్రశ్ననే పిల్లలకు నేర్పుచుంటిమి. ఇప్పుడది మా మీదికే వచ్చినది. "కొలువలేదమ్మా, కొలిచి చెప్పెదను" అంటిమి.

కొలుచుట ఎట్లు? మొదట పాఠశాల ప్రయోగశాలనుండి ఉష్ణమాపకము నొకదాని తెచ్చి, కోను ఫిల్టరు ప్రక్కనే కట్టితిమి. ఆ దినము బయట నీడలో 36 డిగ్రీల సెంటీగ్రేడు ఉండెను. కారు ఊరిలోని కూడలిలో నిలిచియున్నప్పుడు ఫిల్టరు దగ్గఱ 62 డిగ్రీలకు పోయినది. రోడ్డుమీద గంటకు 60 కిలోమీటర్ల వేగమున సాగుచుండగా 47 డిగ్రీలకు దిగినది. పాత పెట్టె గొట్టము ముందుభాగమునుండి బయటిగాలిని తీసికొనును. కోను ఫిల్టరు ఇంజను ప్రక్కనుండి దాని సెగనే పీల్చుచున్నది. 36 డిగ్రీలనుండి 47 డిగ్రీలకు వేడెక్కిన గాలి బరువు నూటికి మూడుపాళ్ళకు పైగా తగ్గును. ఉష్ణోగ్రతలకు 273 కలిపి, 309ని 320 చేత భాగించి విద్యార్థులే సరిచూచుకొనవచ్చును. ఇంజను బలము సరిగా ఆ లెక్కలోనే తగ్గకపోయినను, తగ్గు త్రోవ మాత్రము అదియే.

"వేడివలన నష్టము సరే, అడ్డము తగ్గినందువలన లాభము దానిని మించియుండవచ్చును గదా" అని మా ఆశ. దానిని కొలుచు ఉపాయము మాకు తోచలేదు. సిగ్గుపడుచునే పూర్వవిద్యార్థి షెడ్డునకు పోయితిమి. అతడు మా మాట విని, సెలైను ఎక్కించు సన్నని ప్లాస్టిక్కు గొట్టము నొకదాని తెచ్చి, ఒక చెక్కమీద ఆంగ్లపు 'యు' అక్షరమువలె వంచి కట్టెను. దానిలో రంగునీళ్ళు పోసెను. ఒక కొనను ఫిల్టరునకును ఇంజనునకును నడుమ నున్న గొట్టమునకు తగిలించెను. రెండవ కొనను గాలికి విడిచెను.

"ఇదెక్కడ నేర్చితివి?" అని యడిగితిమి.

"మీరు చూపినదే గదండీ. తొమ్మిదవ తరగతిలో రంగునీళ్ళు పోసి ఒకవైపు ఊదుమంటిరి. ఊదినవాడను నేనే" అనెను.

మాకు జ్ఞాపకము లేదు. అతనికి జ్ఞాపకమున్నది.

ఇంజను పీల్చునప్పుడు ఫిల్టరు ఎంత అడ్డము పెట్టునో అంత ఎత్తునకు నీరు ఒక ప్రక్క లేచును. శనివారము తెల్లవారుజామున రోడ్డు నిర్మానుష్యముగా నున్నప్పుడు రెండవ గేరులో యాక్సిలరేటరు పూర్తిగా త్రొక్కి, ఇంజను 6000 చుట్లకు వచ్చువఱకు పోనిచ్చితిమి. ప్రక్కసీటులో కూర్చుండి మా కుమారుడు నీటిమట్టముల భేదము చదివెను. దుమ్ము నిండిన పాత కాగితపు ఫిల్టరుతో పెట్టెను తగిలించినప్పుడు 19 సెంటీమీటర్లు. అదే పెట్టెలో క్రొత్త కాగితపు ఫిల్టరు వేసినప్పుడు 14 సెంటీమీటర్లు. కోను ఫిల్టరుతో 9 సెంటీమీటర్లు.

ఇప్పుడు లెక్క చూడుడు. కోను వలన అడ్డము తగ్గినమాట నిజమే. మా ఏడవ తరగతి న్యాయము తప్పుగాదు. కాని ఎంత తగ్గినది? క్రొత్త కాగితపు ఫిల్టరు కంటె 5 సెంటీమీటర్లు. వాతావరణ పీడన మెంత? సుమారు 1033 సెంటీమీటర్ల నీటి ఎత్తు. అనగా లాభము నూటికి అరపాలు. నష్టము నూటికి మూడుపాళ్ళు. పైగా మురికి ఫిల్టరును తీసి క్రొత్తది వేసిన మాత్రముననే అంతే లాభము, అనగా 5 సెంటీమీటర్లు, వచ్చినది. అది మూడువందల రూపాయలతో వచ్చెడిది. ఆ మాటనే అతడు మొదటి దినమున చెప్పియుండెను.

కడపట గడియారముతో చూచితిమి. జాతీయ రహదారి మీద మూడవ గేరులో గంటకు 40 కిలోమీటర్లనుండి 80 కిలోమీటర్లకు వచ్చుటకు పట్టు కాలమును, పోవునప్పుడు మూడుమార్లు, వచ్చునప్పుడు మూడుమార్లు కొలిచి సరాసరి కట్టితిమి. పెట్టెతోను క్రొత్త కాగితపు ఫిల్టరుతోను 9.3 సెకండ్లు. కోనుతో 9.6 సెకండ్లు. చేతితో గడియారమును నొక్కుటలో ఏ 0.2 సెకండ్లో తప్పు రావచ్చును. కాబట్టి కారు నెమ్మదించినదని గట్టిగా చెప్పజాలము. వేగము హెచ్చినదని మాత్రము ఎవ్వరును చెప్పజాలరు. మొదటి వారము మాకు అంత రూఢిగా తోచిన చుఱుకుదన మంతయు చెవిలోనిదే.

అయినచో ఆ హోరు ఎక్కడిది? ఇదియు మా పాఠములోనిదే. మా యింజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు సెకండునకు నూఱుమార్లు గాలిని గుటకవేయును. ప్రతి గుటకయు గొట్టములో నొక తరంగమును బయటికి పంపును. కంపెనీవారి పెట్టె యనునది ఫిల్టరును దాచు డబ్బా మాత్రమే గాదు. సన్నని మెడయు పెద్ద కడుపును గల సీసా మూతిపై ఊదినచో ఒక్కటే స్వరము పలుకును గదా. జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్‌జ్ (1821-1894) అట్టి పాత్రలతో ధ్వనులను పరిశోధించెను. అతని పేరుతోనే పిలువబడు ఆ అనునాదకముల సూత్రము ననుసరించి ఇంజనీర్లు గాలి పెట్టెను, దాని ప్రక్కగదులను కొలిచి కట్టుదురు. కొన్ని స్వరముల నవి తమలోనే అణచివేయును. మేము ఆఱువేల యైదువందలిచ్చి చేసిన పని యేమనగా, ఆ యడ్డమును తీసివేసి, ఎప్పుడునున్న చప్పుడునే బయటికి వదలుట. యాక్సిలరేటరు కొంచెమే త్రొక్కినప్పుడు గొట్టములోని రేకు మూసికొని యుండి చప్పుడును ఆపును. పూర్తిగా త్రొక్కినప్పుడు రేకు తెరచుకొని హోరు వెలువడును. బలమడిగిన క్షణముననే చప్పుడును వచ్చుటచేత, చప్పుడే బలమని చెవి నమ్మును.

కార్లు చేయువారికి ఈ రహస్యము బాగుగా తెలియును. 2012లో వెలువడిన టొయోటా 86 కారులో గాలిగొట్టపు స్వరమును లోపల కూర్చున్నవారి చెవికి చేరవేయుటకై వేఱుగా నొక సన్నని గొట్టము నమర్చిరి. 2011లో వచ్చిన బి.ఎం.డబ్ల్యు. ఎం 5లో ఇంజను స్వరమును స్పీకర్ల ద్వారా వినిపించిరి. శబ్దము వేఱు, శక్తి వేఱు అనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

మరియొక పరీక్ష మిగిలినది. తెల్లని చేతిరుమాలుతో కోను ఫిల్టరు వెనుకనున్న గొట్టపు లోపలిభాగమును తుడిచితిమి. బూడిదవన్నె పొర యంటుకొన్నది. వ్రేళ్ళమధ్య నలుపగా గరగరలాడినది. రెండు నెలలపాటు ఆ రాతిపొడి మా యింజనులోనికి పోయినది! పాత గొట్టమును తుడువగా రుమాలు ఇంచుమించు తెల్లగనే యుండెను. మంచి తయారీ ఫిల్టర్లన్నియు ఇట్లు చేయునని మేమనము. మా ఫిల్టరు చేసినది. ఇసుకరేణువు ఇనుముకంటె గట్టిది. పిస్టనునకును సిలిండరు గోడకును నడుమ జేరి ఆకురాయివలె అరుగదీయును. చప్పుడు వినబడును; అరుగుదల వినబడదు.

ఆ సాయంకాలమే షెడ్డునకు పోయితిమి. అలమరలో మా పాత పెట్టె గుడ్డ చుట్టబడి యున్నది. దానిపై సుద్దతో "మాస్టారిది" అని వ్రాసియున్నది. "మేము తిరిగి వత్తుమని నీకు ముందే తెలియునా?" అని యడిగితిమి. "తెలియదండి. వచ్చినప్పుడు లేకపోయిన మీకు కష్టమగునని దాచితిని" అనెను. అతడు పెట్టె బిగించుచుండగా, "నాయనా, నీ మాట వినక తప్పుచేసితిని. నీ పుస్తకముపై వ్రాసిన మాట గూడ తప్పే" అంటిమి. అతడు తలయెత్తక, "అప్పుడు నిజముగనే శ్రద్ధ లేదు మాస్టారూ" అని నవ్వెను.

ఇక ఇట్టి సామగ్రిని కొనదలచువారికి మేము నేర్చుకొన్నవి క్లుప్తముగా చెప్పెదము.

మొదటిది, గాలి యెక్కడినుండి వచ్చుచున్నదో చూడవలెను. కోను ఫిల్టరు ఎంత మంచిదైనను, ఇంజను సెగలో విప్పారి యుండిన ప్రయోజనము లేదు. శబ్దము కావలసినవారు, మూతగల పెట్టెలో నుండి బయటి చల్లగాలిని తీసికొను అమరికను ఎన్నుకొనవలెను.

రెండవది, చల్లగాలి కొఱకు గొట్టమును మఱీ క్రిందికి దింపరాదు. మన తీరమున తుపాను వానలకు రోడ్లు మునుగును. గొట్టము నీరు పీల్చినచో నీరు అణగదు గనుక ఇంజనులోని కడ్డీలు వంగిపోవును.

మూడవది, ఫిల్టరు దుమ్మునెంత ఆపునో విచారింపవలెను. గాలి ఫిల్టర్లను పరీక్షించుటకు ఐ.ఎస్.ఓ. 5011 అను అంతర్జాతీయ ప్రమాణ మొకటి కలదు. అడ్డమెంత, దుమ్మునాపు సామర్థ్యమెంత, ఎంత దుమ్ము పట్టును అను మూడింటిని అది కొలుచును. "బలము పెరుగును" అను మాటను గాక ఆ ఫలితములను అడుగవలెను.

నాలుగవది, నూనె పూసిన నూలు ఫిల్టర్లను కడిగి మరల వాడవచ్చును. కాని నూనె ఎక్కువైనచో గాలిని కొలుచు వేడితీగ సెన్సారు గల కార్లలో ఆ తీగ మలినమై కొలత చెడవచ్చును.

అయిదవది, టర్బో గల యింజనునకు గాలి యడ్డము విషయమున మా లెక్క యట్లే చెల్లదు. దానికి వేఱుగా కొలువవలెను.

ఆఱవది, 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, కంపెనీవారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. గ్యారంటీ కాలములో నున్న కారునకు ఆ గ్యారంటీ చిక్కు వేఱు. చేయక మునుపే అడిగి తెలిసికొనుట మేలు.

అన్నిటికంటె ముందు, ఉన్న ఫిల్టరు శుభ్రముగా నున్నదో లేదో చూడవలెను.

శబ్దమును కోరుట తప్పని మేము చెప్పము. మంచి స్వరము మనుష్యుని సంతోషపెట్టును. దానికై ధన మిచ్చువాడు దానికే యిచ్చుచున్నానని యెఱిగి యిచ్చిన దోషము లేదు. మేము శబ్దమును కొని, శక్తిని కొంటిమని చెప్పుకొంటిమి. దోషము అక్కడ నున్నది.

ఆ ఎఱ్ఱని కోనును తిరిగి అమ్మలేదు. దుమ్ము వెళ్ళు ఫిల్టరును మరియొకని కంటగట్టుట ధర్మము గాదు. అది యిప్పుడు మా ప్రయోగశాల బల్లమీద, రంగునీళ్ళ గొట్టము ప్రక్కన నున్నది. ధ్వని పాఠమునకు, పీడనము పాఠమునకు, వ్యాకోచము పాఠమునకు అది పనికివచ్చుచున్నది. తొమ్మిదవ తరగతి బాలికకు లెక్కలన్నియు నల్లబల్లపై వ్రాసి చూపితిమి. ఆమె నోటుపుస్తకములో వ్రాసికొని, "అయితే పెరుగలేదు సార్" అని తేల్చినది.

మఱుసటి శనివారము మా గ్రామమునకు పోయి వీధి మలుపు తిరిగితిమి. మా అమ్మగారు గోడ పట్టుకొని అరుగుమీద నిలిచియుండిరి.